మగ్గం మీంచి కోసిన గుడ్డ

స్త్రీ సమాజం అక్కలారా,

నాలుగో క్లాసుతో ఆగిన చదువు నాది. ఒత్తులు తప్పుతాయి, వరసలు వంకర పోతాయి. మన్నించి చదవండి. పొట్టంగి పైన కొండ ఊళ్ళో ఉండే ముసలమ్మ పోయిందని నిన్న తెలిసింది. మీరెవరూ ఆమెను ఎరగరు. ఆమె గురించి ఒక మంచిమాట రాసేవాళ్ళు నేను తప్ప ఉండరని రాస్తున్నాను.

కబురు తెచ్చినవాడు మా వారి బంట్రోతు. కొండ నుంచి తెచ్చిన గుమ్మడికాయలు దింపుతూ, "ఆ గుడ్డ ముసిల్ది పోనాదండి. మీద కప్పడానికి ఏటీ నేక అడ్డాకులు కప్పి మోసుకెళ్ళేరట" అని నవ్వాడు. మా వారూ నవ్వారు. అత్తగారు కాయలు తట్టి చూసుకుంటున్నారు.

నిరుడు పుష్యమాసంలో మా వారు ఎస్టేటు శిస్తు వసూలు చేసే అమీను పని మీద ఆ ఊరికి క్యాంపు వెళ్ళారు. బయటి వంట తినరు కనక నన్నూ తీసుకెళ్ళారు. నా డోలీ మోసింది ఆ ఊరివాళ్ళే, వెట్టికి. తెల్లారేసరికి గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టుండేది. మోసేవాళ్ళ ఒంటిమీద గోచీ తప్ప ఇంకేమీ లేదు.

మాకు కట్టెలు తెచ్చే వెట్టి ముసలమ్మది. సంతల్లో నేర్చిన తెలుగు ఆమెది. మొదటిరోజు నీళ్ళకుండ అందివ్వబోతే నేను వెనక్కి జరిగాను. పకపకా నవ్వింది. "నా సెయ్యి తగిలిన కట్టె కాల్తాది గానీ, నా నీళ్ళు ఉడకవేటే అమ్మీ?"

తడికట్టెలు అంటుకోక నేను ఏడుస్తుంటే, గడప బయటే కూర్చుని పొడవాటి వెదురు గొట్టంతో పొయ్యి ఊదిపెట్టింది. ఆ సంగతి మా వారికి చెప్పలేదు. అరచేతులు సెగకు చూపి, బుగ్గలకు ఆనించుకునేది. "సలికి నువ్వు తెలుగుదానివని తెల్దు, దగ్గరకి జరుగు" అనేది. ఆ పదిరోజులూ నాతో మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

మా విడిదికి ఎదుటే ఆమె గుడిసె. ముంగిట్లో మేకులు పాతి, పోగులు బిగించి గుడ్డ నేసేది. చెట్టునార తీసి తానే వడికిన దారం. ఎరుపు, నీలం, తెలుపు చారలు. అక్కడి ఆడవాళ్ళు ఎవరి గుడ్డ వాళ్ళే నేసుకుంటారు.

"ఇది కట్టుకోడానికి కాదే అమ్మీ. నాను సచ్చిపోనాక నామీద కప్పడానికి. పరాయోల సేతి గుడ్డ నాకొద్దు" అంది. నేయడానికి ఇంకా జానెడే మిగిలింది.

బయల్దేరిన పొద్దున డోలీలో కూర్చుని బంట్రోతుతో ఒక్క మాట అన్నాను, కాళ్ళు చల్లగా ఉన్నాయని. వాడు చక్కా పోయి, మగ్గం మీదున్న గుడ్డను కత్తితో కోసి తెచ్చి నా కాళ్ళ కింద పరిచాడు. ముసలమ్మ పరిగెత్తుకొచ్చింది.

"అమ్మీ, అదేటో నీకు తెల్సు గదా. సెప్పవే!"

నాకు తెలుసు. మా వారు చూస్తున్నారు. డోలీ లేచింది. ఆ గుడ్డ పొగవాసనకి ముక్కు మూసుకున్నానని కూడా రాయాలి. కాళ్ళు మాత్రం తియ్యలేదు. వెచ్చగా ఉంది.

ఇంటికొచ్చాక అత్తగారు దాన్ని పెరటి గుమ్మంలో వేశారు, కాళ్ళు తుడుచుకోవడానికి. ఏడాదిగా నేనూ తుడుచుకుంటున్నాను. ఆ బంట్రోతు నవ్వు రోత. ఆ గుమ్మడికాయల కూర రోత. అన్నిటికన్నా నా కాళ్ళు నాకు రోతగా ఉన్నాయి.

నిన్న సాయంత్రం ఆ గుడ్డను ఎత్తి కుంకుడుకాయతో ఉతికాను.

"ఆ పీలిక్కి కుంకుడుకాయలేటే?" అన్నారు అత్తగారు.

"ఇది కాళ్ళకి కాదండీ" అన్నాను. పెళ్ళయ్యాక ఆవిడకి ఎదురు చెప్పడం ఇదే.

దాన్ని ఎవరి చేత పంపను? ఆ కొండకు వెళ్ళేది ఆ బంట్రోతే. వెళ్ళినా ఇప్పుడు ఎవరిమీద కప్పుతారు?

మా వారి కంట పడకుండా ఈ కాగితం చదివి పొయ్యిలో పెట్టండి. గుడ్డ చలికి ఇంకా ఆరలేదు. దండెం మీద ఒక అంచు నిండుగా ఉంది. కోసిన అంచున నేయని పోగులు వేలాడుతున్నాయి. వాటి కొసల నుంచి ఒక్కో బొట్టే రాలుతోంది, ఇంకా మట్టిరంగులోనే.