రెండు ఊళ్ళ గడియారాలు

మా బావగారు పోయారు. విరుదునగర్ ఆసుపత్రిలో, గుండె ఆగి. అదే పొద్దున కోవిల్పట్టి ఇంట్లో, చాన్నాళ్ళుగా మంచం పట్టిన మా అక్క కూడా పోయింది. ఆయన పక్కన మా ఇంటాయన ఉన్నారు, అక్క పక్కన నేనున్నాను.

బావగారు విరుదునగర్ బడిలో ఫిజిక్స్ పాఠాలు చెప్పే వాత్యార్. రోజూ కోవిల్పట్టి నుంచి రైల్లో వెళ్ళి వచ్చేవారు. సాపేక్ష సిద్ధాంతానికి పునాదే సరిగా లేదని ఆయన వాదన. వేర్వేరు చోట్ల జరిగిన రెండింటిలో ఏది ముందు అన్నది చూసేవాళ్ళ కదలికను బట్టి మారవచ్చని ఆ సిద్ధాంతం అంటుందట. బావగారు ఒప్పుకునేవారు కాదు. "రైల్లో ఉండేవానికి ఒగటి, ప్లాట్‌ఫారంలో ఉండేవానికి ఒగటీనా? ముందు జరిగింది ముందే. ఎవురు సూస్తే ఏమి?" అనేవారు.

ఒకసారి ఇంటికొచ్చిన కాలేజీ లెక్చరర్, "సార్, దూరంగా ఉండే రెండు గడియారాలు కలిసినాయని మీకెట్ల తెలుసు? మొదట అది సెప్పండి" అని అడిగాడు. "గడియారం సెడిపోతే దాన్ని రిపేరు సెయ్యండి సార్, కాలాన్ని కాదు" అన్నారు బావగారు. అందరం పడీ పడీ నవ్వాం. లెక్చరర్ కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

నేను సరుకుల లెక్క రాసుకుంటుంటే వచ్చి కూర్చునేవారు. "ఏమ్మా, ఈ డబ్బాలో పప్పు నీకు ఒగ కొలత, మీ అక్కకు ఒగ కొలత ఉంటాదా?"

"ఎట్లుంటాది బావా?"

"సూడు, నీకు అర్థమయింది. యూనివర్సిటీకి అర్థం కాలే."

పెద్దగా చదువుకోని నాతో అలా కూర్చుని వాదించిన మనిషి ఆయనొక్కరే. ఆ రుణం తీరేది కాదు.

బావగారిని కోవిల్పట్టి ఇంటికి తెచ్చి, ఇద్దరినీ హాల్లో పక్కపక్కన పడుకోబెట్టాక, బావగారి అక్క, నాకు వదిన, అడిగింది: "ఎవురు ముందు పోయినారు?"

అక్క ముందయితే ముత్తైదువగా, పూలతో, కుంకుమతో పోతుంది. బావగారు ముందయితే అవన్నీ తీసేసి పంపాలి. మా ఆయన ఆసుపత్రి గడియారం చూశారు. నేను ఇంటి గడియారం చూశాను. తేడా కొంచెమే. అక్కదే తర్వాత.

"ఈ గడియారం ముందుకు ఉంటాది వదినా. బావకు రైలు తప్పగూడదని అక్క జరిపి పెట్టింది."

"ఎంత జరిపింది?"

అది అక్కకే తెలుసు.

"రెండు ఊళ్ళ గడియారాలు కలిసినాయని ఎవురు సూసినారు వదినా?" లెక్చరర్ మాటే నా నోట వచ్చింది.

"మా తమ్ముడిని పండబెట్టుకోని, వాని మాటకే ఎదురు సెప్తావా? ముందు జరిగింది ముందేనని వాడు సెప్పలే? నువ్వు తల ఊపలే?"

ఊపాను. ఇన్నేళ్ళూ ఊపాను.

గాజులు సులువుగానే పగిలాయి. జడలో పూలు లాగేశారు. వదిన తడిగుడ్డతో బొట్టు తుడిచింది. ఏళ్ళ తరబడి కుంకుమ పెట్టిన చోట చర్మం తెల్లబడి, గుండ్రంగా మచ్చ మిగిలింది. బొట్టు ఇంకా పోలేదనుకుని వదిన గుడ్డ మళ్ళీ తడిపి, గట్టిగా రుద్దుతోంది.