వసంతక్క వేయించిన టేకు కప్పు

మిర్యాలగూడలో ఒక ఇంటి వెలుపలి గోడకు చెక్క తాపడం చేయిస్తున్నాను. ఈ ఉదయం రంపం పాత టేకులోకి దిగగానే ఆ నూనె వాసన లేచింది. కొత్త కలపకు ఆ వాసన రాదు. నేను పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. దుమ్ము పడిందేమోనని ఇంటివాళ్లు మంచినీళ్లు తెచ్చిచ్చారు. వసంతక్క గుర్తొచ్చిందని వాళ్లకేం చెప్పను?

ఇప్పుడు అందరూ ఫోన్లో బొమ్మ చూపించి షిప్‌లాప్ కావాలంటున్నారు. పలక అంచును సగం మందానికి మెట్టులా చెక్కి, ఆ మెట్టు మీద పక్క పలక అంచు కూర్చునేలా వరసగా బిగించడమే అది. ఆ పేరు తెలియకముందే నాకు ఆ పని నేర్పింది వసంతక్క. సూర్యాపేటలో ఆమెకు కలప కోసే సామిల్లు ఉండేది. భర్త రామచంద్రం గారు పక్షవాతంతో మంచం పట్టాక మిల్లును ఒక్కతే నడిపింది. డిప్లొమా చేతబట్టుకుని, డిజైన్లు గీస్తానంటూ చేరిన నాతో మొదట్లో పలకలు మోయించింది. నాకు ఒళ్లు మండిపోయేది. నేను దగ్గరుండి వేయించిన మొదటి గోడను వేళ్లతో తట్టి చూసి, మేకులన్నీ పీకించింది. "రెండంచులకు మేకులు కొడితే వానకాలం ఉబ్బి లేస్తది పిల్లా. దాన్ని జర కదలనియ్యి" అంది. మెచ్చుకోలు ఆమె నోట నేనెన్నడూ వినలేదు. అయినా మధ్యాహ్నం నా డబ్బా మూత తీసి ఏం తెచ్చుకున్నానో చూడందే తాను తినేది కాదు.

రోడ్డు వెడల్పులో వాళ్ల ఇల్లు పోయింది. రామచంద్రం గారు ఏళ్ల తరబడి ఆ ఇంటి పైకప్పును చూస్తూ పడుకున్న మనిషి. దూలాలన్నీ టేకువే, పొగచూరి నల్లబడ్డాయి. ఒక దూలం మీద వాననీటి మరక ఉండేది. అది గొర్రెపిల్ల మొహమని, పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ చూపించేవారు. నాకెంత చూసినా మరకలాగే కనిపించేది, కానీ అవునండీ అనేదాన్ని.

కోదాడలో కట్టుకున్న చిన్న స్లాబు ఇంటికి తీసుకెళ్లాక ఆయన తిండి మానేశారు. తెల్లటి కప్పు కేసి చూసి, ఇంటికి పోదామనేవారు. ముద్ద పెదవుల దాకా తీసుకెళ్తే పళ్లు బిగించేవారు. ఇలాగైతే ఎక్కువ రోజులు ఉండరని డాక్టరు చెప్పేశాడు. అప్పుడు అక్క, మిల్లులో దాచిన పాత దూలాలను పలకలుగా కోయించి ఆ గది కప్పుకూ, ఎదుటి గోడకూ తాపడం చేద్దామంది. కూల్చిన ఇంటి కలపను కొత్త ఇంట్లో పెట్టకూడదని చుట్టాలంతా అడ్డుపడ్డారు. అక్క గొంతు పెంచలేదు.

"ఆయన కొత్తిల్లే వద్దంటుండు. ఇగ దీన్ని కొత్తగ ఉంచి ఏం చేసుకుంట?"

ఆయన్ను పక్క గదిలోకి మార్చి పని చేశాం. అక్కే దగ్గరుండి కోయించింది, రందా పట్టించి నునుపు చేయించింది, అంచులు చెక్కించింది. అంత బాగా కుదిరిన కప్పు నేను మళ్లీ చూడలేదు. తేనె రంగులో నిగనిగలాడింది. మంచాన్ని తిరిగి గదిలోకి తెచ్చాం. ఆయన చాలాసేపు పైకి చూశారు. అక్క పెరుగన్నం గిన్నె పట్టుకుని నిలబడింది.

"ఇదెవలిల్లు?" అని అడిగారాయన.

మనదే, మన దూలాలే అని అక్క చెప్పింది. ఆయన కళ్లు కప్పంతా వెతికాయి, తర్వాత మూసుకున్నాయి. అప్పుడు తట్టింది మాకు. పాత చెక్క అంటే పైపొర తీసి మెరిపించి ఇవ్వడమే అక్క చేతికి జీవితమంతా అలవాటు. ఆ నలుపూ, ఆ మరకా పైపొరలోనే ఉన్నాయి. దూలాల నుంచి తీసిన పై చెక్కలు ఎప్పటిలాగే మిల్లు పక్క టీ హోటలు పొయ్యికి పోయాయి. అక్క అప్పటికప్పుడు సూర్యాపేట బస్సెక్కి ఆ హోటలుకు వెళ్లింది. అన్నీ కాలిపోయాయట. వట్టి చేతులతో తిరిగొచ్చింది.

ఆయన ఆ వారం దాటలేదు. దినం అయిపోయాక చూడటానికి వెళ్లాను. అక్క ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. నేను వచ్చానని తెలిసినా లేవలేదు.

"ఎందుకే పిల్లా, గింత నున్నగ చేసినం?" అంది.

నేను కింద కూర్చుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు, కప్పునే చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత మిల్లు అమ్మేసింది. ఇప్పుడు ఆమె కూడా లేదు.

పాత ఇంటి కలప ఎవరు తెచ్చినా, రందా పెట్టకముందు ఒక మాట అడుగుతాను, దీని కింద పడుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. వింతగా చూస్తారు. ఎక్కువమంది లేరనే చెబుతారు. అప్పుడు రందా మిషన్ వేయమంటాను.