అవ్వ అనని మాట

ఇన్నేళ్లుగా నా గొంతులో ఒక మాట ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. మహబూబాబాద్ దీక్షా శిబిరంలో మైకు పట్టుకుని నినాదాలిచ్చేవాణ్ని. మాది గార్ల దగ్గర తండా. అక్కడి భూమిని మా ప్రాంతపు మంత్రి బామ్మర్ది రాళ్ల క్వారీ కోసం కంచె వేసి కలుపుకున్నాడు. పత్రికలకెక్కింది. మంత్రిగారి బాధ భూమి పోయినవాళ్ల గురించి కాదు, చేతిదాకా వచ్చిన ఢిల్లీ పదవి జారిపోతుందని. నిజం తేల్చడానికి పార్టీ ఢిల్లీ నుంచి ఒక పెద్దమనిషిని పంపింది. ఆయనకు తెలుగు రాదు, మా లంబాడీ అసలే రాదు. తర్జుమాకు హిందీ చదువుకున్న నన్ను పిలిచారు.

ముందురోజు మంత్రి మనిషి నా భుజం మీద చెయ్యి వేశాడు. సార్ ఢిల్లీలో కూర్చుంటే తెలంగాణ మాట ముందు ఆయనే ఎత్తుతాడన్నాడు. నమ్మానా? నమ్మితే బాగుండుననుకున్నాను.

భూమి పోయిన మా తండా అవ్వ మా భాషలో గోడు వెళ్లబోసుకుంది. అడ్డుపడ్డ కొడుకు విరిగిన చెయ్యి ఎత్తి చూపించింది. నేను పెద్దమనిషి వైపు తిరిగి, అంతా రాజీఖుషీగా, ఇష్టపడే ఇచ్చారట అన్నాను.

ఆమెకు హిందీ తెలియదనుకున్నాను. మా భాషకూ దానికీ దగ్గరి చుట్టరికం. పైగా పెళ్లి మాటల దగ్గరి నుంచి పంచాయితీ దాకా మా వైపు రాజీఖుషీ అనే మాట వినపడని చోటేది? చదువుకున్న పొగరు నా కళ్లు కప్పింది.

ఆమె అప్పుడు నోరెత్తలేదు. తండావాణ్ని పరాయివాడి ముందు అబద్ధాలకోరును చేయకూడదనుకుందేమో. జీపు కదిలాక అడిగింది.

"నేను రాజీఖుషీగ ఇచ్చిన్నా?"

"రాష్ట్రం కోసం, అవ్వా."

"రాష్ట్రమొస్తే నా కొడుకు చెయ్యొస్తదా?"

నన్ను ఎత్తుకుని పెంచిన అవ్వ ఏనాడూ నాతో మా భాషలో తప్ప మాట్లాడలేదు. ఆ రెండు మాటలూ తెలుగులో అడిగింది, బయటివాణ్ని అడిగినట్లు.

మంత్రి కడిగిన ముత్యంలా బయటపడి ఢిల్లీ చేరాడు. అక్కడ తెలంగాణ గురించి నోరు మెదపలేదు. జనగామలో ఆయన దిష్టిబొమ్మకు నిప్పంటించింది నేనే. సిగ్గుండాలి కదా? మరి నాకు దొరికిన హాస్టల్ ఉద్యోగం సంగతి? అది ఆ అబద్ధానికి కూలి. కళ్లకద్దుకుని తీసుకున్నాను. రాష్ట్రం వచ్చింది. క్వారీ ఇంకా నడుస్తోంది. ఉద్యమాన్ని అడ్డం పెట్టుకుని మా నోళ్లు కట్టినవాళ్లను తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. కట్టించుకున్న నన్ను తలుచుకుంటే ఇంకా మండుతుంది.

అవ్వ ఇప్పుడు లేదు. క్షమించమని అడిగే మొహం అప్పుడూ లేదు నాకు. ఆనాటి తర్జుమా ఒకటి మిగిలిపోయింది. అది చెబితే గొంతైనా వదులవుతుంది.

సార్, ఆమె అన్నది ఇది. మేం ఇవ్వలేదు. గుంజుకున్నారు. చదువుకున్న మా పిల్లవాడు మీకు సరిగ్గా చెబుతాడు, రాసుకోండి.