ఏకాదశి నైవేద్యంగా బబుల్ టీ

బెల్లం నీళ్లు పోస్తే గుటకలు వేస్తూ తాగి, అందులో సగం మనకే వదిలేసే మంగళగిరి పానకాల స్వామికి ముందుగా నమస్కారం. ఎవరు తెచ్చినా, ఏ బిందెలో తెచ్చినా వంక పెట్టకుండా పుచ్చుకునే దేవుడాయన. ఆ గుణం భక్తులందరికీ కాస్త కాస్త పంచిపెట్టి ఉంటే నాకు ఈ సంగతి రాసే పని ఉండేది కాదు. పంచలేదు. అదీ ఆయన దయే అనుకుంటాను. అందరం మంచివాళ్లమైపోతే భజన చెయ్యడానికి ఎవరు మిగులుతారు?

విజయవాడ సత్యనారాయణపురంలో మా భజన మండలి ఒక మేడ మీద నడుస్తుంది. మేడ మా మండలి అధ్యక్షులది. హైస్కూల్లో పనిచేసి రిటైరైన మనిషి, అందరికీ మాస్టారు. పై అంతస్తు స్వామికి వదిలిపెట్టి, కింద వీధి వైపు గదిని అద్దెకిస్తారు. నిరుడు ఆ గది ఖాళీ అయినప్పుడు నేనే మధ్యన ఉండి మా చెల్లెలి కూతురికి ఇప్పించాను. కంకిపాడు పిల్ల, చేస్తున్న ఉద్యోగం మానేసి వచ్చింది. అందులో బబుల్ టీ కొట్టు పెట్టింది.

బబుల్ టీ అంటే మా ఈడువాళ్లకు చెప్పాలి. చల్లటి పాలల్లోనో టీలోనో, బెల్లం పాకంలో ఊరిన సగ్గుబియ్యం వేసి ఇస్తారు. మన పాయసంలో వేసే తెల్ల పూసలు కావు. నల్లగా, నిగనిగలాడుతూ, రేగిపండు గింజంత ఉంటాయి. చిటికెన వేలంత లావు స్ట్రా ఇస్తారు. పీలిస్తే గింజలు ఒక్కొక్కటే నోట్లోకి దూకుతాయి. మొదటిసారి తాగినప్పుడు ఒకటి తిన్నగా గొంతులోకి పోయి, నారాయణా అన్నాను. భక్తితో కాదు. రెండోసారికి నమలడం వచ్చింది. మెత్తగా, సాగుతూ, మిఠాయిలా బాగానే ఉంది. కాలేజీ పిల్లలు సాయంత్రాలు మెట్ల దాకా నిలబడేవారు. వాళ్లను దాటుకుని మేం సహస్రనామానికి పైకి వెళ్లేవాళ్లం.

ఇలా ఉండగా మాస్టారి ఫోనుకి ఒక వీడియో వచ్చింది. ఆ నల్ల గింజల్లో పశువుల ఎముకల జిగురు కలుపుతారని అందులో ఎవరో చెప్పారు. ఎవరన్నది మాస్టారికీ తెలియదు. కానీ ఆ మనిషి కళ్లజోడు పెట్టుకున్నాడట, ఇంగ్లీషులో మాట్లాడాడట. స్వామి పీఠం కింద బొమికల వ్యాపారమా అని మాస్టారు రెండు రోజులు సరిగా భోంచెయ్యలేదని వాళ్లావిడ చెప్పారు. మూడో రోజు మా పిల్లను పిలిచి, నెలాఖరుకు గది ఖాళీ చెయ్యమన్నారు.

పిల్ల ప్యాకెట్టు పట్టుకొచ్చి చూపించింది. కర్రపెండలం పిండి, బెల్లం, ఇంకేం లేదు, శాకాహారమని పచ్చ చుక్క కూడా ఉందంది. మాస్టారు ఆ చుక్కను కళ్లజోడు పైకెత్తి చూశారు.

"పచ్చ చుక్క ప్రింటింగ్ ప్రెస్సులో పడుద్దమ్మా, వైకుంఠంలో కాదు," అన్నారు.

ఆ వీధిలో, కాలేజీల దారిలో, అలాంటి గది మళ్లీ దొరకదు. కొట్టు పోతే పిల్ల కంకిపాడు వెళ్లిపోవాలి, విడిచిపెట్టిన ఉద్యోగం తిరిగి రాదు. నేను మాస్టారి దగ్గరకు వెళ్లాను. మనం ఏకాదశికి తినే సగ్గుబియ్యమూ కర్రపెండలం పిండితో చేసిందే కదా అన్నాను. నిజానికి మా ఏకాదశి ఉపవాసం సంగతి బయటివాళ్లకు చెప్పకూడదు. అన్నం ముట్టం. దాని బదులు సగ్గుబియ్యం కిచిడీ, సగ్గుబియ్యం వడలు, సగ్గుబియ్యం పాయసం. ద్వాదశి నాడు మామూలుగా తిన్నప్పుడే కడుపుకి కొంచెం విశ్రాంతి.

మాస్టారు ఆలోచించి ధర్మమైన మార్గం ఒకటి చెప్పారు. వచ్చే ఏకాదశికి ఆ పిల్ల మడి కట్టుకుని, టీ ఆకు వెయ్యకుండా, ఉత్త పాలతో ఆ పదార్థం చేసి స్వామికి నివేదన పెట్టాలి. తర్వాత ఆయన రుచి చూసి నిర్ణయిస్తారు. ఎముక రుచి ఆయనకెలా తెలుస్తుందని అడగడం మర్యాద కాదని ఊరుకున్నాను.

పిల్ల మొహం మాత్రం వాడిపోయింది.

"పెద్దమ్మా, నైవేద్యం ఎన్నింటికి పెడతారు?"

పూజ మొదలుకాకముందే స్వామి ముందు పెట్టాలి, తులసిదళం వేశాక మళ్లీ చెయ్యి పెట్టకూడదు, సహస్రనామం, మాస్టారి ఉపన్యాసం, హారతి అయ్యాక పంచుతాం అన్నాను.

"అంతసేపు చల్లటి పాలల్లో ఉంటే గింజ బిగిసిపోద్ది. అసలు ఉడికాక నేనొకటి నమిలి చూస్తేగానీ కుదిరిందో లేదో తెలీదు."

నివేదనకు ముందు రుచి చూడటమా? చెవులు మూసుకున్నాను. అది ఎంగిలి అవుతుంది. పాలు కూడా చల్లగానే ఉండాలి, మాస్టారు పరీక్షించేది కొట్లో అమ్మే పదార్థాన్నే. స్వామి చూసుకుంటాడులే అన్నాను. స్వామి చూసుకుంటాడని మనం అనేది తరచు మన దగ్గర వేరే జవాబు లేనప్పుడే. అయినా ఆయన చూసుకుంటాడు, అది ఆయన గొప్పతనం.

ఏకాదశి నాడు హాలు నిండిపోయింది. పిల్ల తడిబట్టలతో వండి, పెద్ద ఇత్తడి గుండిగలో పాలూ గింజలూ కలిపి స్వామి ముందు పెట్టి మూల కూర్చుంది. సహస్రనామం ముగిసింది. మాస్టారు ఉపన్యాసానికి లేచారు. ఆ రోజు ఎంచుకున్న విషయం ప్రసాద మహిమ. ఎవరి చేతి వంట అన్నది నివేదనకు ముందు మాట, స్వామి కన్ను పడ్డాక అది వంట కాదు అన్నారు. ప్రసాదానికి వంక పెట్టినవాడూ, వదిలేసినవాడూ, ఉమ్మినవాడూ ఏయే నరకాలకు పోతారో విడివిడిగా వివరించారు. చాలా బాగా చెప్పారు, చాలాసేపు చెప్పారు. ఆయన ఒక్కో నరకం దిగుతుంటే మా పిల్ల గుండిగ వైపు చూస్తూ కళ్లు మూసుకుంటోంది.

హారతి అయింది. స్ట్రాలు శాస్త్రంలో లేవు కాబట్టి స్టీలు గ్లాసుల్లో, చెంచాలతో పంచాం. అందరూ కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నారు.

మా మండలిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ధ్యానం పెట్టిన రోజుల్లో కూడా ఎవరో ఒకరు దగ్గుతారు. ఆ గింజలు పైన రబ్బరు, లోపల సుద్ద. కొరికితే పంటి కింద నుంచి తప్పుకుంటున్నాయి, మింగుదామంటే భయం. ఉమ్ముదామంటే ఇప్పుడే విన్న నరకాలు. రెండు దవడలూ ఆడిస్తూ, స్వామినే చూస్తూ, అందరం నమిలాం. మాస్టారివి కట్టుడు పళ్లు. ఆయన ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగారు.

అందరికంటే ముందు నోరు ఖాళీ చేసుకున్నది పామర్రు నుంచి బస్సెక్కి వచ్చే పెద్దావిడ, మండలిలో అందరికీ అత్తయ్యగారు. చెరుకు నమిలి పెరిగిన పళ్లు ఆవిడవి.

"మాస్టారూ, బొమికలేమన్నా తగిలినయ్యా అండీ?" అంది.

మాస్టారు చెయ్యి చూపించి ఆగమన్నారు. ఆగాం. చివరికి మింగారు. మంచినీళ్లు తాగారు. మా పిల్ల లేచి నిలబడింది.

"స్వామి ఆరగించినదాన్ని పట్టుకుని ఆ మాటేంటండీ. తప్పు కదూ," అన్నారు. తర్వాత పిల్ల వైపు చూడకుండా, "గది ఖాళీ చేసే సంగతి ఇంకెవరూ ఎత్తొద్దు," అన్నారు.

మెట్లు దిగుతుంటే పిల్ల నా చెయ్యి పట్టుకుని, స్వామికి రాళ్లు పెట్టాను పెద్దమ్మా అని ఏడ్చింది. బాగా కుదిరి ఉంటే ఏమయ్యేదో ఆలోచించమన్నాను. ఇంత రుచిగా ఉందంటే లోపల ఏదో ఉండే ఉంటుందని మాస్టారే అనేవారు.

ఆ తర్వాత మండలిలో ఒక మార్పు వచ్చింది. నైవేద్యం, పంపకం ముందు, ఉపన్యాసం ఆఖర్న అని మాస్టారే ప్రకటించారు. శాస్త్రంలో అలాగే ఉందని ఇప్పుడే కనబడిందట. కొన్ని ఏకాదశులకు మా పిల్లే గింజలు వండుతుంది, వేడివేడిగా, మెత్తగా ఉంటాయి. అవి తినేసి సగం మంది మెట్లు దిగిపోతారు. మిగిలినవాళ్ల కోసం మాస్టారు క్లుప్తంగా మాట్లాడతారు. ఎన్నేళ్లుగానో మేమందరం మనసులో కోరుకున్నదాన్ని స్వామి ఒక గుండిగతో చేసిపెట్టాడు.

ఇది చదివినవారు ఎక్కడివారైనా సరే, ఈ పూట నాతోపాటు ఒక్కసారి చేతులు జోడించండి. పానకాల స్వామీ, పెట్టినదాన్ని వంక పెట్టకుండా పుచ్చుకునే నీ గుణం మాకూ కాస్త ఇవ్వు. అది మా వల్ల కాదనుకుంటే, కనీసం నమిలేటంతసేపు మా నోళ్లు మూసి ఉంచు.