అక్షరాల మీద అరచెయ్యి

మనిషికి కన్ను ముందిచ్చి, అక్షరం తర్వాత ఇచ్చిన దేవునికి స్తోత్రం. నీళ్లకు హద్దు వేసిన ఆయన నామానికి మహిమ. ఆయన మా ఇంటికి చేసిన ఒక చిన్న మేలు చెప్పాలని ఇది రాస్తున్నాను.

మా బాపు ఉపదేశి. గోదావరికి కరీంనగర్ వైపు ఒడ్డున మా ఊరు. ఊరి సంఘంలో వాక్యం చెప్పేవాడు, చుట్టుపక్కల పల్లెలకూ నడిచి వెళ్లేవాడు. వినేవాళ్లలో చదువు వచ్చినవాళ్లు తక్కువ కాబట్టి బొమ్మల పుస్తకం చంకన పెట్టుకుపోయేవాడు. బొమ్మ తెరిచి, కింద ఉన్న అక్షరాల మీద అరచెయ్యి పెట్టి, "ఏం కనవడ్తుంది?" అని అడిగేవాడు. అందరూ తమకు కనిపించింది చెప్పాకే చెయ్యి తీసి చదివేవాడు. ఒకరు గొర్రెకు కుంటు ఉందనేవారు, ఇంకొకరు ఆ ఇంటికి గొళ్లెం లేదనేవారు. ఎవరినీ తప్పనేవాడు కాదు. నేను చదువు నేర్చింది కూడా ఆ చెయ్యి కిందనే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా అక్క కానుపు కోసం గోదావరి అవతల, ఆదిలాబాద్ వైపున్న ఆసుపత్రిలో చేరింది. కొడుకు పుట్టాడు. అక్కకు జ్వరం పట్టుకుంది, తగ్గలేదు. అక్క పెద్దబిడ్డ మా దగ్గరే ఉంది. దాని ముఖం చూడాలని అక్క కబురు పంపింది. అప్పటికి మా దగ్గర వంతెన లేదు. వానలు ముదిరితే పడవ ఆగిపోతుంది.

చిక్కంతా పిల్లతోనే. దానికి అయిదేళ్లు. అంతకుముందు ఒకసారి పడవలో ఎక్కించిన ఎద్దు బెదిరి, పడవ ఒరిగి, దాని మోకాళ్ల దాకా నీళ్లు వచ్చాయి. అప్పటి నుంచి రేవు కనబడితే చాలు వెనక్కి లాగేది. అవ్వ దగ్గరికి, అంటే వాళ్లమ్మ దగ్గరికి, పోదామని నేను బతిమాలి రేవు దాకా తీసుకుపోయాను. గడ వేసి పడవ నడిపే ఆయన నవ్వి, "గోదారికి నువ్వు పంటి కిందికి గూడ రావు బిడ్డా, ఎక్కు," అన్నాడు. అది నా చెయ్యి కొరికి, ఇసుకలో కూలబడింది. పడవ మమ్మల్ని వదిలి వెళ్లిపోయింది.

సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టుకుని బాపు పుస్తకం తెరిచాను. దానికి వరస లేదు, ఇష్టమొచ్చిన పేజీ తిప్పుతుంది. తిప్పి తిప్పి తుపానులో పడవ ఉన్న బొమ్మ దగ్గర ఆగింది. మూసేద్దామనుకున్నాను. కానీ అది కళ్లు తీయలేదు. నేను అక్షరాల మీద చెయ్యి పెట్టి అడిగాను.

నీళ్లంది. తెరచాప చిరిగిందంది. ఒకాయన కుండతో నీళ్లు తోడిపోస్తున్నాడంది. అందరి నోళ్లూ తెరుచుకుని ఉన్నాయంది. తర్వాత వేలు పడవ వెనక మూలకు పోయి ఆగింది.

"గాయిన పండుకున్నడు."

ఆ బొమ్మ నేను ఎన్నిసార్లు చూశానో. నా చూపు ఎప్పుడూ అలల మీదికే పోయేది.

"అవును, పండుకున్నడు," అన్నాను.

"పడవ మునిగేదుంటే పండుకుంటడా?"

చదువుదామని చెయ్యి తీయబోతే, అది తన రెండు చేతులూ తెచ్చి అక్షరాల మీద పెట్టేసింది.

"సదవకు సిన్నమ్మా."

చదవలేదు. బాపు ఇంటికి వచ్చాక ఇదంతా చెప్పాను.

మరునాడు ముగ్గురం రేవుకు వెళ్లాం. పుస్తకం దాని చంకలోనే ఉంది. ఈసారి ఏడవలేదు. పడవలో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ చూసి, నడిపే ఆయన్ను అడిగింది.

"నీ పడవల ఎవలన్న పండుకుంటరా?"

"పండుకుంటే గడ ఎవలేస్తరు బిడ్డా? మీ తాత ఏస్తడా?"

అందరూ నవ్వారు. దాని ముఖం వాడిపోయింది, కాలు వెనక్కి పడింది. అప్పుడు మా బాపు, సంఘంలో కోటు గుండీ విప్పి ఎరుగని మనిషి, పడవ ఎక్కి, వెనక మూలకు పోయి, తువ్వాల పరిచి పడుకుని కళ్లు మూసుకున్నాడు. ఆయనకు ఈత రాదు.

పిల్ల కాసేపు చూసి, నా చెయ్యి వదిలి, తనే ఎక్కి ఆయన తల దగ్గర కూర్చుంది. నది నడుమ పడవ ఒకసారి గట్టిగా ఊగింది. అది ఆయన ముఖం మీదికి వంగింది.

"తాతా, నువ్వు గుర్రు పెడ్తలేవు."

బాపు గుర్రు పెట్టాడు. అవతలి ఒడ్డు తగిలేదాకా పెట్టాడు.

ఆసుపత్రిలో అక్క దాన్ని పక్కన పడుకోబెట్టుకుంది. దాని జుట్టులో ఇసుక ఏరుతూ ఉండిపోయింది. కొంతసేపటికి పిల్ల లేచి పుస్తకం తెరిచి, పడవ బొమ్మ తీసి, అక్షరాల మీద చెయ్యి పెట్టి, తనే తీసేసింది. ఇక చదవమంది. చదివాను. పడవలోని వాళ్లు భయపడి, పడుకున్న ప్రభువును లేపారని, ఆయన లేచి గాలినీ నీళ్లనూ ఊరుకోబెట్టాడని.

"లేపిండ్రా?" అంది, నచ్చనట్టు. "లేపకున్నా ఒడ్డుకు పోతుండె గద."

అక్క నవ్వింది. బాపు పుస్తకం తీసుకుని, అక్షరాల మీద చెయ్యి పెట్టి, మళ్లీ ఆ బొమ్మ వైపే చూస్తూ కూర్చున్నాడు.

అక్క ఆ వానాకాలం దాటింది, తర్వాత ఎన్నో దాటింది. చదువుతున్న మీరు ఒక్క క్షణం ఈ పేజీ మీద చెయ్యి పెట్టండి. రేవులో నిలబడి కాలు ముందుకు వేయలేకపోతున్నవాళ్ల కోసం, వాళ్లకు నిద్రించే ఆయన కనబడాలని, నాతో కలిసి ప్రార్థించండి.