పాలకోడు దగ్గర ఖాళీ బీరువా

మద్రాసు సెంట్రల్లో రాత్రి బండి ఎక్కేటప్పటికి నా సంచిలో ఒక కెమెరా, మా మేనేజరు రాసిచ్చిన కాగితం ఉన్నాయి. మా సబ్బుల కంపెనీ ఒక ధర్మసంస్థతో కలిసి ధర్మపురి వైపు తెలుగు కుటుంబాల పిల్లలకు బొమ్మల పుస్తకాలు పంపింది. అవి అక్కడి చదువు కేంద్రం బీరువాలో భద్రంగా ఉన్నాయని ఫొటో తీసుకురావాలి. లేకపోతే వచ్చే ఏడాది సాయం ఆగిపోతుంది. ఇంత చిన్న పనికి నేనే పోవాలా అని సణుక్కుంటూనే బయలుదేరాను.

తెల్లవారి ఆరింటికి మొరప్పూరులో దిగాను. ఏడుంపావు బస్సులో పక్క సీటు పెద్దాయన ఒళ్ళో కోళ్ళ బుట్ట. నా తెలుగు విని ఆయన ముఖం విప్పారింది.

"మాదీ తెలుగే సామీ. మాట్లాడేదానికే. చదివేదానికి రాదు. ఇస్కూల్లో అంతా తమిళమే గదా."

ధర్మపురిలో ఇడ్లీ తిని పాలకోడు బస్సెక్కాను. అక్కడినుంచి రెండు మైళ్ళు ఎండలో నడిచి కేంద్రం చేరేసరికి పదకొండు దాటింది. కేంద్రం నడిపే రుక్మిణమ్మది చిత్తూరు. ఆమె బీరువా తెరిచింది. ఒక్క పుస్తకం లేదు.

"అమ్ముకున్నారా ఏమిటమ్మా?" అని నోరు జారాను.

ఆమె ముఖం చిన్నబోయింది. "ఆవుల వెంట పోయినాయి సార్. రండి, చూద్దురుగాని."

గుట్ట వాలులో మంద మేస్తోంది. పగలంతా పిల్లలు ఆవుల్ని కాయాల్సిందే కాబట్టి బడి కూడా మంద వెంటే పోతుందట. రాగిముద్ద మూటలోనే పుస్తకం. పొద్దున నేర్చుకున్న పాఠం పిల్లలు మధ్యాహ్నం గుట్టకొచ్చే తల్లులకు చెప్పాలి. తొమ్మిదేళ్ళ లక్ష్మి చదువుతుంటే వాళ్ళమ్మ మాదమ్మ ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పలుకుతోంది.

"మేము ఇంట్లో మాట్లాడే మాటను రాసేదానికి అవుతుందని ఇది చూసేదాకా తెలియదు సార్," అంది మాదమ్మ.

ఇన్నేళ్ళుగా చదువుతున్నాను, చదవడం ఇంత అద్భుతమని ఎన్నడూ తోచలేదు. రుక్మిణమ్మను క్షమించమని అడిగాను.

నాలుగింటి బస్సుకు బయలుదేరుతూ, మేనేజరుకు చూపిస్తానని ఆ పుస్తకం అడిగాను. అట్ట ఊడి, నిండా రాగిముద్ద మరకలు. లక్ష్మి ఇవ్వబోయింది. మాదమ్మ లాక్కుని చెంగు కింద దాచుకుంది.

"ఇంకా రెండు పేజీలుండాయి సార్. చదవకుండా ఎట్లిచ్చేది?"

"ఇచ్చేయ్ మాదమ్మా, కేంద్రం మూసేస్తారు," అని రుక్మిణమ్మ కంగారుపడింది.

"వద్దమ్మా, ఉండనీ," అన్నాను.

మీరెవరైనా అటు పోతే ఆ పుస్తకాల కోసం కేంద్రంలో వెతక్కండి, నేరుగా గుట్టకే పోండి. నేను మాత్రం ఖాళీ బీరువాకు ఫొటో తీసుకుని తిరిగొచ్చాను. మొరప్పూరు స్టేషన్లో బండి కోసం ఎదురుచూస్తూ రిపోర్టు రాశాను: "బీరువా ఖాళీ. ఒక్క పుస్తకమూ మిగల్లేదు. ఈసారి రెండింతలు పంపాలి." బండి వచ్చేదాకా దాన్నే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి.