ఎవరి పనీ కాని రబ్బరు ముక్క

అందరూ గేర్ల బావ అని పిలిచే ఆ మెకానిక్ గేర్‌బాక్సులో చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడంటే, ఏ పన్ను అరిగిందో వేలితో తడిమి చెప్పేస్తాడు. అలాంటి పనితనం ఊరికే వస్తుందా? జీవితమంతా నూనెలో నానిన చేతులవి. నోటి సంగతి మాత్రం అడక్కండి. పొరపాటు ఒప్పుకోవాలంటే ఆయనకి ప్రాణం పోయినంత పని.

షెడ్డు మామగారిది. గేర్లు అల్లుడు చూడాలి, పెట్రోలు వ్యవహారం కొడుకు చూడాలి, ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు అని ఆ పెద్దాయన పెట్టిన కట్టుబాటు. ఇన్నేళ్లూ బావా బావమరుదులు దాన్ని జవదాటలేదు.

అలాంటి చోటికి ఓ పాతకాలపు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు వచ్చిపడింది. ఎత్తు ఎక్కేటప్పుడు రెండో గేరు దానంతట అదే జారిపోతుంది, ఆ వెంటనే పెట్రోలు అందక ఇంజను దగ్గుతుంది. బావ గేర్‌బాక్సు విప్పి చూసి తనవైపు లోపం లేదన్నాడు. బావమరిది కార్బురేటరు కడిగి, పంపు మార్చి, తనవైపూ లేదన్నాడు. బండి దగ్గుతూనే ఉంది. మాటా మాటా పెరిగి, చేతకానివాడివని బావ అనేశాడు. బావమరిది ఆ సాయంత్రమే పక్క వీధిలో వేరే షెడ్డు చూసుకుని, మర్నాడు పొద్దున్నే పానాలన్నీ పెట్టెలో సర్దాడు. ఇద్దరికీ సర్దిచెప్పీ చెప్పీ బావ భార్యకి గొంతు పోయింది. తమ్ముడు గడప దాటితే మళ్లీ రాడని ఆమెకి తెలుసు.

బావకి మాత్రం తెలియదా? ఆ మంట ఎవరిమీద చూపాలో తెలియక కారు బానెట్ ఎత్తాడు. భార్యని సీట్లో కూర్చుని బండి స్టార్ట్ చేసి, గేరు వేసి, బ్రేకు తొక్కిపట్టి క్లచ్ కొద్దిగా వదలమన్నాడు. షెడ్డులో పెరిగిన మనిషికి అది ఒకరు నేర్పాలా? ఆమె అలా వదిలీ వదలగానే ఇంజను మొత్తం ఓ పక్కకి ఒరిగింది.

ఇంజనుని బిగించి ఉంచే రబ్బరు దిమ్మ చీలిపోయింది. ఇంజను ఒరిగినప్పుడల్లా గేరు జారుతోంది, పెట్రోలు గొట్టం మడతపడుతోంది. ఆ రబ్బరు ఇటు గేరూ కాదు, అటు పెట్రోలూ కాదు. అందుకే దాని పక్కనుంచే చేతులు పోనిచ్చి కూడా ఇద్దరూ దాన్ని చూడలేదు.

ఎత్తిన బానెట్ అడ్డం, భార్యకి ఏమీ కనబడలేదు. గప్‌చుప్‌గా మార్చేసి, నేనే పట్టానని మీసం మెలెయ్యొచ్చు. ఆ మహానుభావుడు ఆ పని చెయ్యలేదు. నేరుగా గేటు దగ్గరికి వెళ్లి, పెట్టె ఆటోలోకి ఎత్తుతున్న బావమరిది ముందు నిలబడ్డాడు.

"తప్పు నాదిరా. చేతకానివాణ్ని నేనే. ఇంజను కింది రబ్బరు చీలిపోయింది. నువ్వు ఇంజను ఎత్తిపడితే, నేను కిందికి దూరి రబ్బరు వేస్తాను. నా ఒక్కడివల్లా కాదు."

బావమరిది పెట్టె మీంచి చెయ్యి తియ్యలేదు.

"మళ్లీ చెప్పు బావా. అక్కకి వినబడలేదు."

పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ తల వంచని మనిషి కారు వైపు తిరిగి, వీధంతా వినేలా మళ్లీ చెప్పాడు. బావమరిది పెట్టె కిందికి దించి, జాకీ కోసం లోపలికి నడిచాడు.